అదే పార్టు, అదే తప్పు. పెద్ద కంపెనీకి ఒక ఉత్తరంతో సరి, మాకు సీజు, నోటీసు. ఇదేం లెక్క?

మల్కాపూర్ వీఎంసీ (ప్రశ్న)

నమస్తే అందరికి. పోస్టు జర పొడుగున్నది, ఓపికున్నోళ్ళే సదువుండ్రి.

మాది చౌటుప్పల్ దగ్గర దండుమల్కాపూర్ ఇండస్ట్రియల్ పార్కుల చిన్న షాపు. రెండు వీఎంసీలు (కంప్యూటర్ తోని నడిచే మిల్లింగ్ మెషిన్లు), ఒక టర్నింగ్ సెంటర్, ఒక పాత హెచ్‌ఎంటీ లేతు. ఆ లేతు మా నాయిన కొన్నది. దాని మీద ఇప్పుడు పని తక్కువే గని అమ్మబుద్ధి కాదు. నాతోని కలిపి పదకొండు మందిమి. ఊరు మునుగోడు దిక్కు. ముందుగాల బాలానగర్‌ల కిరాయి షెడ్డుల ఉండేటోళ్ళం, 2019ల ఈ పార్కు మొదలైనంక లోను ఎత్తి ఇటు వచ్చినం. చేసేది ఎక్కువ ఏరోస్పేస్ జాబ్ వర్కు. పేరు పెద్దగనే ఉన్నది. పని మాత్రం ఎప్పటిదే: వాళ్ళు డ్రాయింగ్ ఇస్తరు, మెటీరియల్ ఇస్తరు, మేం కోసి, హోల్స్ కొట్టి, బర్రు తీసి, కడిగి ఇస్తం.

పట్నంల ఒక పెద్ద కంపెనీకి మూడేండ్ల సంది ఒక అల్యూమినియం హౌజింగ్ చేస్తున్నం. అరచెయ్యంత ఉంటది. లోపల బేరింగ్ కూసునే జాగ పన్నెండు మైక్రాన్లల రావాలె, ఎండకాలం షెడ్డు వేడికి అది రాబట్టుడు ఎంత కష్టమో చేసినోళ్ళకు ఎరుక. డ్రాయింగ్ మీద పార్టు నంబరు తప్ప ఏముండదు. ఎందుల పడ్తదని ఒకసారి అడిగితె "ఎన్‌డీఏ మీద సంతకం పెట్టిండ్రు గద, మీకెందుకు" అన్నరు. ఎన్‌డీఏ అంటె గుట్టు బయట పెట్టొద్దని రాసిచ్చే ఒప్పందం. మల్ల అడుగలె.

పోయినేడాది ఆ కంపెనీ పర్చేజ్ సార్ ఫోన్ చేసి, "యూరప్‌ల మా కస్టమర్‌కు అర్జెంటున్నది, 40 పీసులు మీరే సీదా పంపుండ్రి. పీఓ (కొనుగోలు ఆర్డరు) వాళ్ళే మీ పేరు మీద ఇస్తరు, మీకు గూడ ఎక్స్‌పోర్టు రికార్డు అయితది" అన్నడు. మస్తు సంబురపడ్డ. ఐఈసీ (ఎగుమతి, దిగుమతులకు సర్కారిచ్చే కోడు) ఎప్పుడో తీసి పెట్టుకున్న, ఒక్కసారి గూడ వాడలె. బీకాం సదివిన మా బిడ్డ ఇన్వాయిస్ టైపు చేసింది. హెచ్‌ఎస్‌ఎన్ (సరుకు రకం చెప్పే కోడు) 7616, అల్యూమినియం వస్తువులు అని ఏసినం. నిజంగ అది అల్యూమినియం వస్తువే కదా! విలువ 3,40,000.

పెట్టె కార్గోల ఆగింది. లోపల పెట్టిన ఇన్‌స్పెక్షన్ రిపోర్టు ఫార్మాటు ఆ యూరప్ కస్టమర్‌ది. దాని తలకాయ మీద అసెంబ్లీ పేరు ఉన్నది, ఏదో గింబల్ (కెమెరాను కదలకుంట పట్టే అమరిక), పక్కన మిలిటరీ మోడల్ పేరు. ఆ ఒక్క లైను సదివి ఆఫీసరు "ఇది స్కోమెట్ లిస్టుల ఉన్నదా? ఉంటె ఆథరైజేషన్ ఏది?" అని అడిగిండు. స్కోమెట్ అన్న మాట నేను పుట్టినంక మొదటిసారి ఇన్నది ఆ పొద్దే. సైన్యానికి గూడ పనికొచ్చే సరుకుల జాబితా అంట, అండ్ల ఉన్నది ఎగుమతి చెయ్యాల్నంటె సర్కారు అనుమతి (ఆథరైజేషన్) కావాలె. ఏ కార్గో, ఏ ఆఫీసు అనేది ఈడ రాయను, కేసు నడుస్తున్నది.

సరుకు సీజు చేసిన్రు. సీజయినంక అయిదో నెలల షోకాజు నోటీసు వచ్చింది. ఈ నడుమ ఓడీ (ఓవర్‌డ్రాఫ్టు) రెన్యువల్‌కు బ్యాంకుకు పోతె మేనేజరు "మీ మీద ఆయుధాల కేసున్నదంట గద" అన్నడు. ఆయుధాల కేసు! నేను జిందగీల దీపావళి తుపాకి తప్ప ముట్టుకోలె. ఇంకో ఇద్దరు కస్టమర్లు "క్లియరైనంక సూద్దాం" అన్నరు. ఒక వీఎంసీ ఒక్క షిఫ్టే నడుస్తున్నది, దాని కిస్తి మాత్రం నెలకు 68 వేలు, రెండు షిఫ్టుల కిస్తి. ఐటీఐ చేసిన ఇద్దరు పిల్లగాండ్లు ఆదిభట్లకు పోయిన్రు. పొమ్మని నేనే చెప్పిన.

ఇగ అసలు సంగతి. అదే పార్టు, మేం చేసిచ్చిందే, ఆ పెద్ద కంపెనీ ఇంతకుముందు రెండు మాట్ల ఆథరైజేషన్ లేకుంటనే పంపిందంట. మాది పట్టుబడంగనే లోపల ఆడిట్ చేసుకుని "మా దాంట్ల గూడ ఇట్ల జరిగింది" అని వాళ్ళే పైకి రాసిచ్చుకున్నరంట. వాళ్ళ పెట్టె ఒక్కటి ఆగలె, ఒక్క రోజు షిఫ్టు బందు గాలె. ఈ మాట చెప్పింది అండ్ల పనిచేసే మా దూరపు బామ్మర్ది. కాయిదం నేను కండ్ల సూడలె, అందుకే కంపెనీ పేరు గూడ రాస్తలేను.

నా ప్రశ్నలు రెండే. చట్టం ఇద్దరికి ఒక్కటేనా? నోటీసుకు నేనేం రాయాలె? "నాకు తెల్వదు" అంటె నడుస్తదా?

పాత సీహెచ్‌ఏ

తమ్ముడూ, ముందు నోటీసు, న్యాయం తర్వాత. నేను కస్టమ్స్ బ్రోకర్ దగ్గర ఇరవై రెండేళ్ళు చేసి ఇప్పుడు మిర్యాలగూడలో ఉంటున్నా. లాయర్ని కాను. ఇది చదివాక లాయర్ దగ్గరికి వెళ్ళడం మానకు.

నోటీసులో ఏ సెక్షన్లు వేశారో చూడు. కస్టమ్స్ చట్టం 113 సరుకు మీద, 114 నీ మీద. నిషేధిత సరుకు అని తేలితే 114 కింద విలువకు మూడు రెట్ల దాకా పెనాల్టీ వేయొచ్చు, అంటే నీకు 10,20,000 దాకా. నోటీసులో 114ఏఏ కూడా ఉంటే అప్పుడు కంగారుపడు. తెలిసి తెలిసి తప్పుడు డిక్లరేషన్ ఇచ్చావని దాని అర్థం, అయిదు రెట్ల దాకా పోతుంది. నీ రెండో ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. "తెలియదు" అన్న మాట 114 దగ్గర పెద్దగా పనిచేయదు, 114ఏఏ దగ్గర అదే నీ ప్రాణం. అయితే ఊరికే తెలియదని రాయకు, ఎందుకు తెలియదో కాగితాలతో చూపించు. పార్టు నంబరు తప్ప ఏమీ లేని డ్రాయింగ్, వాడకం రాయని పీఓ, ఎన్‌డీఏ, మూడేళ్ళ డెలివరీ చలాన్లు. పర్చేజ్ సార్ ఫోన్లో చెప్పాడన్నావు. ఇవాళ రాత్రికే ఆయనకు మెయిల్ పెట్టు, "ఫలానా తేదీన మీరు ఫోన్లో చెప్పిన ప్రకారం పంపాము, ఈ పార్టు వాడకం ఏమిటో దయచేసి రాసివ్వండి" అని. జవాబు రాకపోయినా ఆ మెయిల్ ఫైలులో ఉంటుంది.

తర్వాత అందరూ మరిచిపోయే సంగతి. అసలు నీ పార్టు జాబితాలో ఉందా? స్కోమెట్‌లో ఆరో కేటగిరీ సైనిక సామాగ్రిది. 2017లో మన దేశం, ఆయుధాల ఎగుమతుల మీద అదుపుకు కొన్ని దేశాలు పెట్టుకున్న వాసెనార్ ఒప్పందంలో చేరబోయే ముందు వాళ్ళ పట్టికకు సరిపోయేలా దాన్ని నింపారు. దానికి అనుమతి ఇచ్చేది రక్షణ ఉత్పత్తుల శాఖ, మిగతా కేటగిరీల్లో చాలావాటికి డీజీఎఫ్‌టీ (విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్). కెమెరా, ఇమేజింగ్ పరికరాల భాగాలైతే 6ఏ015 చూడాలి, డ్రోను భాగమైతే 6ఏ010. రెండింటిలోనూ కేసంతా ఒక్క మాట మీద నిలబడుతుంది: సైనిక వాడకం కోసం "ప్రత్యేకంగా డిజైన్ చేసిన" భాగమా, కాదా. అదే హౌజింగ్ పెళ్ళి వీడియోలు తీసే డ్రోనుకూ పడుతుందని డిజైన్ చేసినవాడు రాసిస్తే కథ వేరు. రాసివ్వాల్సింది నువ్వు కాదు, డ్రాయింగ్ ఎవరిదో వాళ్ళు. ఇంకోటి, "మేం పూర్తిగా మెషినింగ్ చేయలేదు, సగం పనే" అని ఎవరైనా సలహా ఇస్తారు, వినకు. పూర్తికాని ఫోర్జింగులు, కాస్టింగుల మీద 6ఏ016 అని వేరే పద్దే ఉంది. కొన్ని రకాల ఆయుధాల ముడి భాగాలు కూడా అందులోకి వస్తాయి.

సరుకు విడిపించుకోవడానికి 110ఏ కింద తాత్కాలిక విడుదల అడుగు. సీజు చేసిన ఆరు నెలల్లోపు నోటీసు ఇవ్వకపోతే, గడువు పొడిగించకపోతే, సరుకు వెనక్కి ఇచ్చేయాలి. నీకు అయిదో నెలలోనే ఇచ్చారు కాబట్టి ఆ దారి మూసుకుంది. ఆర్డరు ఎదురొస్తే అప్పీలుకు 60 రోజులు, పెనాల్టీలో ఏడున్నర శాతం ముందే కట్టాలి. 10,20,000 వేశారనుకుంటే 76,500.

ఇక న్యాయం. చట్టంలో చిన్నా పెద్దా లేదు. కానీ పెట్టె తెరిచేది ఎవరిది? కొత్త ఐఈసీ, మొదటి షిప్‌మెంటు, ఇంతకుముందు రికార్డు లేదు. కంప్యూటరే నిన్ను పక్కకు తీస్తుంది. పెద్ద ఎగుమతిదారులకు ఏఈఓ అని ఒక గుర్తింపు ఉంటుంది, వాళ్ళ పెట్టెలకు పరీక్ష తక్కువ. ఆఫీసరు నీ మీద పగబట్టలేదు తమ్ముడూ. వల కన్నాలే నీ సైజుకు అల్లి ఉన్నాయి.

జడ్చర్ల స్టీల్

అన్నా, లాయరు ఎంత అడిగిండు? మాకు వేరే నోటీసు ఒకటి వస్తె జవాబు రాసుడుకే 60 వేలన్నడు, హియరింగుకు మల్ల వేరే. ఆఖరుకు పడ్డ ఫైను 25 వేలు.

ఆదిభట్ల బీ షిఫ్ట్

మీ పోస్టు చదివి చాలా బాధనిపించిందన్నా. నేను అలాంటి ఒక పెద్ద కంపెనీలోనే ఎగుమతి అనుమతుల డెస్కులో చేస్తాను, మీరు చెప్పేది మాది కాదు. ఇక్కడ నన్ను తిట్టేవాళ్ళు ఉంటారని తెలుసు, అయినా ఒక మాట.

పెద్దోళ్ళను వదిలేస్తారనేది సగమే నిజం. మా ఆర్డర్లలో అమెరికా డ్రాయింగులు ఎక్కువ కాబట్టి అక్కడి కేసులు మాకు ట్రైనింగులో చెబుతారు. 2024 ఫిబ్రవరిలో బోయింగ్ ఆయుధ ఎగుమతి నియమాల 199 ఉల్లంఘనలకు 5.1 కోట్ల డాలర్లకు ఒప్పందం చేసుకుంది. అదే ఏడాది ఆగస్టులో ఆర్‌టీఎక్స్ అనే అమెరికా రక్షణ కంపెనీ 750 ఉల్లంఘనలకు 20 కోట్ల డాలర్లు. ఈ రెండింట్లో తప్పులు బయటపెట్టింది ఎక్కువగా ఆ కంపెనీలే. తమంతట తాము చెప్పుకున్నవాళ్ళకు శిక్ష తగ్గించకపోతే రేపు ఎవరు చెబుతారు? మీ బామ్మర్ది చెప్పింది నిజమే అయితే, వాళ్ళు రాసిచ్చుకోవడం తప్పించుకోవడం కాదు. పాత షిప్‌మెంట్లన్నీ తవ్వి, ఏ పార్టు ఎవరికి పోయిందో పట్టిక వేసి, ఎవరు సంతకం పెట్టారో తేల్చి ఇవ్వాలి. మాకు ఒకసారి నాలుగు నెలలు పట్టింది, ఆదివారాలు కూడా పోయాయి.

మా డెస్కులో ఆరుగురం ఉన్నాం, సాఫ్ట్‌వేర్ వేరే. మీ షాపులో ఆ పని చేసేది మీ అమ్మాయి ఒక్కతే, అదీ ఇన్వాయిస్ కొట్టి, జీతాలు వేసి, జీఎస్‌టీ కట్టాక. అది నేను కాదనను. కానీ సైజును బట్టి చట్టం మారాలంటే, దొంగ వ్యాపారం చేసేవాడు చిన్న కంపెనీయే పెడతాడు కదా. 2024 అక్టోబరులో అమెరికా రష్యాకు సరుకు పోతోందని దాదాపు 400 సంస్థలు, మనుషుల మీద ఆంక్షలు పెట్టినప్పుడు మన దేశం కంపెనీలు 19 ఉన్నాయి. అందులో పెద్ద పేరు ఒక్కటీ నాకు కనపడలేదు.

మల్కాపూర్ వీఎంసీ

తిట్టను తమ్మీ, మంచిగనే చెప్పినవ్. ఒప్పుకున్నోనికి తగ్గించాలె, నేను గూడ అదే అంట. గని ఒప్పుకోవాల్నంటె ముందు అది తప్పని ఎరుకుండాలె కదా? వాళ్ళకు ఎరుక, ఎందుకంటె డ్రాయింగ్ వాళ్ళది, కస్టమర్ వాళ్ళోడు, ఆరుగురు మనుషులు డెస్కు మీద ఉన్నరు. నాకు ఎరుకయ్యేసరికి సరుకు సీజయింది. సీజయినంక నేనేం చెప్పినా అది ఒప్పుకునుడు కాదు, దొరికినోని ఏడుపు. అంటె ఎవలి చేతుల ముందుగాల ఎరుక ఉన్నదో వాళ్ళకే మాఫీ గూడ ముందుగాల దొరుకుతది. అయినా దొరికిన మా పెట్టెను సూసినంకనే వాళ్ళు వాళ్ళది తవ్వుకున్నరు. మేం పట్టుబడకపోతె రాసిచ్చుకునేటోళ్ళా?

ఇంకోటి అడుగుత. మొన్న రాత్రి నిద్ర పట్టక మా బిడ్డ తోని ఆ ఆర్‌టీఎక్స్‌ది సదివించిన. 20 కోట్ల డాలర్లల్ల 10 కోట్లు సస్పెండ్ అంట, కంప్లయన్స్ బాగుచేసుకునేటందుకు వాళ్ళే ఖర్చు పెట్టుకోవచ్చంట. బోయింగ్‌ది గూడ 2.4 కోట్లు అట్లనే. రేపు నాకు పది లక్షలు పడ్డయనుకో. "అయిదు లక్షలు నీకాడనే పెట్టుకో, కంప్లయన్స్‌కు ఒక మనిషిని పెట్టుకో" అంటరా? అంటె ఇప్పుడే సంతకం పెడ్త.

పాలమూరు కాకి

ఆ సగం మాఫీ కథ కొత్తదేం కాదన్నా. నేను మహబూబ్‌నగర్‌ల డిగ్రీ పిల్లలకు పాఠాలు చెప్పేటోణ్ణి, ఇనుముకు నాకు చుట్టరికం లేదు, కానీ ఇసుంటి జమాఖర్చులు తవ్వే రోగం ఉంది.

2007ల ఐటీటీ అనే పెద్ద కంపెనీ నేరం ఒప్పుకుంది. చీకట్లో చూసే సైనిక కళ్ళద్దాలు చేసేది అది. వాటి టెక్నాలజీ సంగతులు చైనాకు, సింగపూర్‌కు, బ్రిటన్‌కు పోనిచ్చింది. ఆయుధాల ఎగుమతి చట్టం కింద క్రిమినల్‌గా దోషి అని తేలిన మొదటి పెద్ద రక్షణ కంపెనీ అదేనని అమెరికా సర్కారే చెప్పింది. 10 కోట్ల డాలర్ల శిక్ష. అందులో 5 కోట్లు ఇంకా మంచి కళ్ళద్దాలు తయారుచేయడానికి పెట్టుకుంటే కట్టాల్సింది అంతకంత తగ్గుతుందని రాసుకున్నారు. అంటే ఐటీటీ చేసిన తప్పుకు ఐటీటీ కొత్త సరుకు తయారుచేసి అదే సైన్యానికి ఇవ్వాలన్నమాట. ఎగుమతి నిషేధం పెట్టారు, అదీ ఆ కళ్ళద్దాల విభాగం వరకే. ఎందుకంటే ఆ కంపెనీని మూస్తే సిపాయి చీకట్లో గుడ్డోడైతడు. ఏనుగు బతికినా వెయ్యి, చచ్చినా వెయ్యి అంటారు. ఇక్కడ చావనియ్యరు గూడ.

దాని పక్కన దీన్ని పెట్టి చూడన్నా. ఆ తర్వాతి ఏడాదే, 2008ల, సిరస్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న కంపెనీ యజమానికి 35 నెలల జైలు పడ్డది. దక్షిణ కరోలినాలో ఒక ఆఫీసు, సింగపూర్‌ల ఒకటి, బెంగళూరుల ఒకటి. తప్పేంది? లైసెన్సు లేకుండా ఎలక్ట్రానిక్ భాగాలు పంపుడు. ఎవరికి? ఒకటి తిరువనంతపురంల విక్రం సారాభాయ్ స్పేస్ సెంటర్, ఇంకోటి మన హైదరాబాద్ కంచన్‌బాగ్‌ల ఉన్న, మిసైళ్ళు చేసే భారత్ డైనమిక్స్ (బీడీఎల్). చైనాకు పోయిన దానికి చెక్కు, మన కంచన్‌బాగ్‌కు వచ్చిన దానికి జైలు. ఇంకా తమాషా చూడు, 2011 జనవరిల అమెరికా వాళ్ళే బీడీఎల్ పేరు, లైసెన్సు లేకుండా సరుకు పంపొద్దన్న వాళ్ళ పట్టికల నుంచి తీసేసిన్రు. ఆయన జైలుల కూసున్నప్పుడు నేరమైనది, కొన్నేండ్లకు మామూలు వ్యాపారం దిక్కు నడిచింది.

ముల్లు వచ్చి ఆకు మీద పడ్డా, ఆకు వచ్చి ముల్లు మీద పడ్డా చినిగేది ఆకేనన్నా.

పాత సీహెచ్‌ఏ

కాకి గారూ, కథ బాగుంది కానీ ఒక ముక్క వదిలేశారు. ఆ చిన్న కంపెనీ తప్పుడు ఎండ్ యూజ్ సర్టిఫికెట్లు (సరుకు చివరికి ఎవరు, ఎందుకు వాడతారో చెప్పే కాగితాలు) ఇచ్చి, సింగపూర్ మీదుగా తిప్పి పంపింది. అది తెలిసి చేసిన పని. దాన్ని మన తమ్ముడి పెట్టెతో కలపకండి, రేపు ఎవరైనా లాయర్ ఇది చదివి ఆయనకే అంటగడతాడు. ఐటీటీ కూడా దాచిపెట్టిందనే ప్రాసిక్యూటర్లు అన్నారు, కాబట్టి రెండు శిక్షల మధ్య తేడా వింతగానే ఉంది, ఒప్పుకుంటా. మీ ఉదాహరణే వాడాలంటే జర్మనీది వాడండి. హెక్లర్ అండ్ కోఖ్ తుపాకులు తప్పుడు ఎండ్ యూజ్ కాగితాల మీద మెక్సికోకు పోయాయని 2019లో స్టుట్‌గార్ట్ కోర్టు కంపెనీ నుంచి 37 లక్షల యూరోలు రాబట్టింది. ఇద్దరు పాత ఉద్యోగులకు జైలు శిక్ష వేసి సస్పెండ్ చేసింది. పోయినవి రైఫిళ్ళు, అల్యూమినియం హౌజింగులు కావు.

తమ్ముడూ, నా అనుభవంలో ఒకటి చెబుతా. పాతికేళ్ళ కిందట సరుకు ఆగితే చిన్నవాడూ పెద్దవాడూ ఒకే బెంచీ మీద కూర్చునేవాళ్ళు, ఎందుకంటే ఇద్దరికీ ఆఫీసరు దొరికేవాడు కాదు. ఇప్పుడు అంతా ఆన్‌లైన్, పెద్దవాడికి ఆ ఆన్‌లైన్ చూసే మనిషి ఉన్నాడు, నీకు లేడు. ఆథరైజేషన్ అడగడానికి ఫీజు పెద్దగా ఏమీ లేదు. అడగాలని తెలియడానికే ఖర్చు. డీజీఎఫ్‌టీ హ్యాండ్‌బుక్ పదో అధ్యాయం అంతా స్కోమెట్టే. మీ అమ్మాయిని ఒక ఆదివారం కూర్చోబెట్టి చదివించు. నేను ఫోన్లో అర్థం చెబుతా.

మల్కాపూర్ వీఎంసీ

సార్, మా బిడ్డ సదివింది. రెండు ఆదివారాలు పట్టింది. మధ్యల ఒకసారి ఏడ్సింది, ఆ ఇన్వాయిస్ తాను టైపు చేసిందని. నీదేం తప్పులే బిడ్డా, నేను చెప్పిందే నువ్వు కొట్టినవ్ అన్న. ఇప్పుడు 6ఏ015, 6ఏ010 అని నా మీదనే అరుస్తున్నది.

ఒకటి ఒప్పుకుంట. నా దాంట్ల గూడ తప్పున్నది. మైక్రాన్లల పనిచేసే మనిషికి, ఎన్‌డీఏ మీద సంతకం పెట్టిన మనిషికి, ఇది చెంబుకు మూత కాదని అంచనా లేకనా? ఉన్నది. అడిగితె ఆర్డరు పోతదని అడుగలె. అది నోటీసు జవాబుల రాయను గని ఈడ రాస్తున్న. పేపర్ల సదువుతం కదా, మన డిఫెన్సు ఎగుమతులు 2013-14ల 686 కోట్లుండె, 2024-25ల 23,622 కోట్లయినయ్, అండ్ల ప్రైవేటు కంపెనీలయే 15,233 కోట్లని. సదివినప్పుడు గర్వమే అనిపించింది. ఆ లెక్కల నా బేరింగ్ సీటు గూడ ఉన్నదనుకున్న. అయితె ఆ కోట్లు ఎవలి పేరు మీద పడ్డయో నోటీసు గూడ ఆళ్ళ పేరు మీదనే రావాలె గదా సార్. పైసలు పైకి పోతున్నయ్, బాధ్యత కిందికి జారుతున్నది.

జరిమానా ఎంతయినా కడ్త, మా అమ్మ గాజులున్నయ్. నన్ను కొట్టింది ఈ ఆగుడు. ఇయ్యాల్టికి ఏడు నెలలు. వాళ్ళ కేసు ఏడేండ్లు నడిచినా నెల మొదటి తారీఖు వాళ్ళకు జీతాలు పడ్తయ్.

ఆదిభట్ల బీ షిఫ్ట్

అన్నా, మీరు అన్న చివరి మాట మా డెస్కులో చదివి వినిపించాను. ఎవరూ ఏమీ అనలేదు. మా మేనేజర్ ఒక్క ప్రశ్న అడిగాడు: మన వెండర్ల డ్రాయింగుల మీద స్కోమెట్ కేటగిరీ నంబరు వేస్తున్నామా అని. వేయట్లేదు. వేస్తే ఆ మిలిటరీ సంగతి వెండర్లకు తెలిసిపోతుందని ఎన్‌డీఏ వాళ్ళు అడ్డం పడతారట. అంటే నంబరు వేయలేం, వేయకపోతే వెండరు మీ లాగా ఇరుక్కుంటాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు, మేనేజర్ దగ్గరా లేదు.

మల్కాపూర్ వీఎంసీ (ఇరవై రోజుల తర్వాత)

అడిగినోళ్ళకు అప్‌డేటు. బాండు, బ్యాంకు గ్యారంటీ పెట్టినంక పెట్టె ఇడిపించుకున్న. యూరప్‌కు గాదు, తిరిగి మల్కాపూర్‌కే వచ్చింది. గ్యారంటీకి ఎఫ్‌డీ ఇరగ్గొట్టిన. 40 పీసులు బబుల్ షీట్ల చుట్టి ఉన్నయ్, ఆనోడైజింగ్ రంగు గూడ పోలె. ఒకటి తీసి సూసిన, బేరింగ్ సీటు ఏడు మైక్రాన్లల ఉన్నది. చక్కగ చేసినం.

నోటీసుకు జవాబు పాత సీహెచ్‌ఏ సార్ చెప్పినట్టే ఇచ్చినం, పన్నెండు కాయిదాలు జోడించి. 114ఏఏ గూడ ఏసిన్రు నోటీసుల. హియరింగ్ వచ్చే నెల. లాయరు 45 వేలు తీసుకున్నడు, జడ్చర్ల తమ్ముడు, నీకంటె నాకు తక్కువనే పడ్డది.

పర్చేజ్ సార్ నా మెయిల్‌కు జవాబు ఇయ్యలె. గని నిన్న వాళ్ళ కాడినుంచి కొత్త పీఓ వచ్చింది, వేరే పార్టుకు, 200 పీసులు. పని లేక సచ్చిపోతున్న టైముల 200 పీసులు. వెనుక పేజీల ఇంతకుముందు లేని ఒక లైను కలిసింది. ఎగుమతి నియంత్రణ వర్గీకరణ, దానికి సంబంధించిన సమస్త బాధ్యత సప్లయరుదే అని. సంతకం పెట్టి రేపు పొద్దుగాల లోపల స్కాన్ పంపుమన్నరు. ఏం జెయ్యాలె?

పాత సీహెచ్‌ఏ

పెట్టకు. ఆ లైను మీద గీత కొట్టి, పక్కన చేత్తో రాయి: "డ్రాయింగ్ ఇచ్చినవారే వర్గీకరణ రాసివ్వాలి." కింద సంతకం, స్టాంపు, తేదీ. అలా కొట్టేసిందే స్కాన్ చేసి పంపు. ఒరిజినల్ నీ దగ్గరే పెట్టుకో.

జడ్చర్ల స్టీల్

అట్ల రాస్తె ఆర్డరు ఇంకోనికి పోతదన్నా. దండుమల్కాపూర్‌ల వీఎంసీలు నీయి రెండే లేవు.

మల్కాపూర్ వీఎంసీ

ఎరుకే తమ్మీ. రాత్రి పదకొండింటికి కొట్టేసి పంపిన. స్టాంపు మా బిడ్డ ఏసింది. ఇంకా జవాబు రాలె. పొద్దున షిఫ్టుకు మెషిన్ మాత్రం ఆన్ చేసి పెట్టిన, స్పిండిల్ వేడెక్కాలె గదా.